సృష్టిని చూసి దేవుని గురించి ఎంతవరకు తెలుసుకోవచ్చు?

మీ ఊరు మోరంచవాగు పక్కనే అని, ఇప్పుడు హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నానని రాశారు. ప్రకృతి దేవుడు రాసిన మొదటి బైబిలు అని, అందులో దొరకనిది ఏదీ లేదని ఒక ఆదివారం మీ పాస్టరుగారు ప్రసంగంలో అన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి మూడు సందేహాలు మిమ్మల్ని పట్టుకున్నాయి. సృష్టి దేవుని గురించి నిజంగా ఏమి చెబుతుందన్నది మొదటిది. సూర్యుడికి, చెట్టుకు తామూ మొక్కుతాం కదా, మరి తేడా ఏమిటని హాస్టల్లోని స్నేహితుడు అడిగితే ఏమనాలన్నది రెండోది. 2023 జూలైలో మీ ఊరిని ముంచిన వరద కూడా దేవుడు పలికిన మాటేనా అన్నది మూడోది. చివర్లో మీ అమ్మగారి గురించి ఒక వాక్యం రాసి వదిలేశారు. నేనూ దానికి చివర్లోనే జవాబు చెబుతాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో వృక్షశాస్త్రం బోధించాను. ఇంచుమించు అన్నేళ్లూ మా సంఘంలో సండే స్కూలు పెద్ద తరగతికి పాఠం చెప్పాను. మీరు అడిగినవి రెండు చోట్లా నన్ను అడిగారు. కాలేజీలో ఒకలా, సంఘంలో మరొకలా జవాబు చెప్పకూడదని నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను కాబట్టి ఇక్కడా అదే చెబుతాను. సృష్టి దేవుని గురించి చెప్పేది నిజమే, అయితే అది చెప్పేది కొంతే. ఆ కొంత ఏమిటో బైబిలే లెక్కగా చెప్పింది. మీ పాస్టరుగారి మాటలో మొదటి సగాన్ని నేను ఒప్పుకుంటాను, రెండో సగాన్ని ఒప్పుకోను.

అందరూ ముందుగా తలచుకునేది 19వ కీర్తన. "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అని అది మొదలవుతుంది. పగటికి పగలు బోధ చేస్తుందని, రాత్రికి రాత్రి జ్ఞానం తెలుపుతుందని అన్న వెంటనే, వాటికి భాష లేదు, మాటలు లేవు అని కూడా కీర్తనకారుడే అంటాడు. ఆకాశం ఎడతెగకుండా చెబుతూనే ఉంది, కానీ మాటలతో చెప్పడం లేదు. ఈ కీర్తనలో సంఘంలో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఆకాశాన్ని, సూర్యుణ్ణి వర్ణించే మొదటి ఆరు వచనాల్లో "దేవుడు" అనే సాధారణ పదమే, అదీ ఒక్కసారే, వస్తుంది. ఏడో వచనంలో ధర్మశాస్త్రం ప్రస్తావన రాగానే "యెహోవా" అనే పేరు మొదలై, కీర్తన ముగిసేలోగా ఏడుసార్లు కనబడుతుంది. ఆకాశాన్ని చూసినవాడికి దేవుడు ఉన్నాడని తెలుస్తుంది, ఆయన పేరు మాత్రం ఆయన చెబితేనే తెలుస్తుంది అన్న క్రైస్తవ బోధ అంతా ఆ పేరు మారడంలోనే ఉందని నేను తరగతిలో చెబుతూ వచ్చాను.

అపొస్తలుడైన పౌలు బైబిల్లోని రోమా పత్రిక మొదటి అధ్యాయం 20వ వచనంలో దీన్నే ఇంకా కచ్చితంగా రాశాడు. సృష్టింపబడిన వస్తువులను ఆలోచించడం వలన తేటపడేవి ఆయన "నిత్యశక్తియు దేవత్వమును" అన్నాడు. అక్కడ ఉన్నవి ఆ రెండే. క్షమాపణ ఆ జాబితాలో లేదు, సిలువ లేదు, పునరుత్థానం లేదు. గోదావరిని ఏటూరునాగారం దగ్గర నిలబడి ఎంతసేపు చూసినా, నా పాపానికి ప్రాయశ్చిత్తం జరిగిందని ఆ నీళ్లు నాకు చెప్పవు. అది సువార్త చెప్పవలసిన సంగతి.

అయితే సృష్టి చెప్పేది శక్తి గురించే అనుకుంటే అదీ పొరపాటే. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయంలో, లుస్త్ర అనే ఊరిలో పౌలుకు, అతని తోటి బోధకుడు బర్నబాకు జరిగిన సంఘటన మన ప్రాంతంవారు తప్పక చదవాలి. పుట్టు కుంటివాడు లేచి నడవడం చూసిన ఊరివారు బర్నబాను ద్యుపతి అని, పౌలును హెర్మే అని తమ దేవతల పేర్లతో పిలిచి, ఎడ్లను, పూదండలను తెచ్చి బలి ఇవ్వబోయారు. వారు యూదులు కారు, లేఖనాలు తెలిసినవారూ కారు. అలాంటి జనానికి పౌలు, బర్నబాలు అబ్రాహాము కథ గాని మోషే కథ గాని ఎత్తలేదు. దేవుడు ఆకాశం నుంచి వర్షాన్ని, ఫలవంతమైన రుతువులను దయచేస్తూ, ఆహారం పెడుతూ, మనసులను ఉల్లాసంతో నింపుతూ "మేలుచేయుటచేత తన్నుగూర్చి సాక్ష్యములేకుండ చేయలేదు" అన్నారు. వాన, పంట, కడుపునిండా తిండి, తిన్నాక కలిగే సంతోషం. తత్త్వశాస్త్రం చదవని మనిషికి కూడా అందే సాక్ష్యం ఇది. పాకాల చెరువు కింద, రామప్ప చెరువు కింద వ్యవసాయం చేసేవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. కాకతీయుల కాలంలో కట్టలు కట్టి, తూములు పెట్టి, మత్తడులు కట్టిన చేతులు మనుషులవే గాని, చెరువులోకి వచ్చే నీరు ఏ రాజూ తవ్వి తెచ్చింది కాదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా నాన్న రెండెకరాల్లో మిర్చి వేశారు. కాయ కోసి కల్లంలో ఆరబోశాక, ఏప్రిల్‌లో ఒక సాయంత్రం వడగళ్లతో వాన కురిసింది. టార్పాలిన్ కప్పేలోగానే సగానికి పైగా తడిసిపోయింది. తడిసిన మిర్చి రెండు రోజుల్లో రంగు పోయి, తాలుకాయలా తెల్లబడి, బూజు వాసన వేయడం మొదలుపెడుతుంది. దాన్ని మార్కెట్‌కు తీసుకువెళితే బండి కిరాయి కూడా రాదు. పరామర్శకు వచ్చిన ఒక బోధకుడు, ఆయన పేరు ఇప్పుడు అనవసరం, దశమభాగం, అంటే సంఘానికి ఇచ్చే రాబడిలో పదోవంతు, ఆగిపోయినందుకే దేవుడు ఈ వాన పంపాడని మా నాన్నతో అన్నారు. మా నాన్న ఎదురు మాట్లాడలేదు. ఆయన వెళ్లిపోయాక గట్టు అవతలి కల్లం వైపు చూసి, "వాళ్లది కూడా తడిసింది గదా, వాళ్లు ఎవరికి దశమభాగం ఎగ్గొట్టిండ్రు?" అన్నారు. మత్తయి సువార్త అయిదో అధ్యాయం 45వ వచనానికి అంతకంటె మంచి వ్యాఖ్యానం నేను ఇంతవరకు వినలేదు. తండ్రి చెడ్డవారి మీదా మంచివారి మీదా సూర్యుణ్ణి ఉదయింపజేస్తాడని, నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వర్షం కురిపిస్తాడని యేసు అన్నది, వానను చూసి ఎవరు ఎలాంటివారో తేల్చవద్దని కూడా చెబుతుంది.

ఇంకొంచెం లోతుకు వెళ్తే, ఏప్రిల్‌లో మా మిర్చిని ముంచిన ఆ వానే మృగశిర కార్తెలో కురిస్తే పత్తి గింజ పెట్టడానికి పదును అవుతుంది. వాన అదే, నేలా అదే. ఒక్కొక్క వానను విడిగా పట్టుకుని ఇది దీవెన, ఇది శాపం అని చదవబోతే అర్థం చిక్కదు. లుస్త్రలో వారు ఎత్తిచూపింది ఒక రోజు కురిసిన వానను కాదు, "రుతువులను" అన్నారు. ఏటేటా తిరిగి వచ్చే ఆ క్రమంలో, అర్హత చూడకుండా అందరికీ పెట్టే ఆ తిండిలో సాక్ష్యం ఉంది. ఒకనాటి సంఘటనకు అంత బరువు మోపితే అది మోయలేదు. మీ మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే వస్తుంది కాబట్టి దీన్ని గుర్తుంచుకోండి.

వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి గనుక తంగేడు గురించి రాయకుండా ఉండలేను. మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో ముందు వరుసలో పేర్చే పువ్వు అది. ఈసారి చెరువు కట్ట మీద కనబడితే ఒక పువ్వును దగ్గరగా పట్టుకుని చూడండి. దానిలో తేనె ఉండదు. పుప్పొడి కూడా బయటికి రాలి ఉండదు, కేసరాల కొనల్లో సన్నని రంధ్రాలు మాత్రం ఉంటాయి. నల్లని తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్లతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒంట్లోని కండరాలను మాత్రం జుమ్మని అదిరిస్తుంది. ఆ అదురుకు రంధ్రాల్లోంచి పుప్పొడి చిమ్ముతుంది. నడుమ ఉన్న పొట్టి కేసరాల పుప్పొడి తుమ్మెదకు తిండి అవుతుంది. కిందికి వంగిన పొడుగు కేసరాల పుప్పొడి దానికి తెలియకుండానే ఒంటికి అంటుకుని మరో పువ్వుకు చేరుతుంది. కట్ట మీద నిశ్శబ్దంగా నిలబడితే ఆ జుమ్మనే చప్పుడు, ఎగిరేటప్పటి చప్పుడు కంటె కాస్త సన్నగా, విడిగా వినబడుతుంది.

ఇంత అమరిక ఉన్నది కాబట్టి అమర్చినవాడు ఉన్నాడు అన్న వాదాన్ని ఇంగ్లండులో విలియం పేలీ అనే మతాచార్యుడు 1802లో గడియారం ఉపమానంతో ప్రసిద్ధం చేశాడు. 1859లో డార్విన్ గ్రంథం వచ్చాక, ఇలాంటి అమరికలు ప్రకృతి వరణం వల్ల, అంటే బతకడానికి పనికొచ్చిన మార్పులే నిలుస్తూ రావడం వల్ల, తరతరాలుగా ఏర్పడగలవని తెలిసింది. అప్పటి నుంచి మనవారిలో కొందరు డార్విన్ ఓడితేనే దేవుడు గెలుస్తాడన్నట్టు మాట్లాడుతున్నారు. నేను దాన్ని ఒప్పుకోను. సైన్సుకు అంతుచిక్కని చోటు వెతికి అక్కడ దేవుణ్ణి కూర్చోబెడితే, రేపు ఆ చోటు తెలిసినప్పుడు ఆయనను లేపవలసి వస్తుంది. తంగేడు పువ్వు ఎలా ఏర్పడిందో తెలిసిన తరువాత నా ఆశ్చర్యం పెరిగింది గాని తరగలేదు. అమెరికాలో డార్విన్ సిద్ధాంతాన్ని గట్టిగా సమర్థించిన ఏసా గ్రే హార్వర్డ్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడు, విశ్వాసం విడువని క్రైస్తవుడు. ఆయనకే 1860లో డార్విన్ ఒక ఉత్తరం రాస్తూ, బతికి ఉన్న గొంగళిపురుగుల లోపల పెరిగి వాటిని తినే కందిరీగ జాతులను, దయగల దేవుడు కావాలని సృష్టించాడంటే మనసు ఒప్పడం లేదన్నాడు. మన ఇళ్ల కిటికీ మూలల్లో మట్టి గూడు కట్టే కందిరీగ చేసేది కూడా ఇంచుమించు అదే. పురుగును కుట్టి, చంపకుండా కదలకుండా చేసి, తన పిల్లకు తాజా తిండిగా గూట్లో మూసిపెడుతుంది. తంగేడును చూపించి దేవుడు ఎంత మంచివాడో చూడండి అనేవారు ఈ గూటిని కూడా పగలగొట్టి చూపించాలి. ఒక పువ్వు నుంచి దేవుని స్వభావం మొత్తం తీయబోతే, ఒక గూటి నుంచి కూడా తీయవలసి వస్తుంది.

సంఘ చరిత్రలో ఈ చర్చ పాతదే. సృష్టి ఒక అందమైన గ్రంథం, చిన్నా పెద్దా ప్రాణులన్నీ అందులో అక్షరాలు అని 1561 నాటి బెల్జిక్ విశ్వాస ప్రమాణం అన్నది. బహుశా మీ పాస్టరుగారి మాట అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. కాకపోతే అదే ప్రమాణం, దేవుడు తన వాక్యం ద్వారా ఇంకా స్పష్టంగా తెలియజేసుకుంటాడని వెంటనే చేరుస్తుంది. చూపు మందగించిన ముసలివారి ముందు పుస్తకం పెడితే ఏదో రాసి ఉందని మాత్రం తెలుస్తుంది, కళ్లద్దాలు పెట్టుకుంటేనే చదవగలుగుతారు, లేఖనం అలాంటి కళ్లద్దాలని 16వ శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్ అన్నాడు. కేథలిక్ సంఘం 1870లో మొదటి వాటికన్ మహాసభలో, సృష్టి నుంచి మానవ బుద్ధి తన సహజమైన వెలుగుతోనే దేవుని ఉనికిని నిశ్చయంగా తెలుసుకోగలదని ప్రకటించింది. దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచినవాడు స్విట్జర్లాండు వేదాంతి కార్ల్ బార్త్. సృష్టి నుంచి దేవుణ్ణి కొంత తెలుసుకోవచ్చన్న తోటి వేదాంతి ఎమిల్ బ్రన్నర్‌కు 1934లో రాసిన జవాబుకు ఆయన పెట్టిన శీర్షిక జర్మన్ భాషలో ఒకే ఒక్క మాట, "కాదు" అని. అప్పుడు జర్మనీలో నాజీలను సమర్థించే క్రైస్తవులు జాతిలో, రక్తంలో, నేలలో దేవుని చిత్తం కనబడుతున్నదని బోధిస్తున్నారు. ప్రకృతిలో దేవుణ్ణి చదవడం అని మొదలుపెట్టి మనిషి తనకు కావలసిందే చదువుకుంటాడని బార్త్ భయం.

ఆయన అంత దూరం వెళ్లనక్కరలేదని నా అభిప్రాయం, 19వ కీర్తనను చింపివేయలేము కదా. కానీ ఆ భయం మనకు తెలియనిది కాదు. పుట్టుకను చూపించి, ఇది ప్రకృతి నియమం, ఇది దేవుడే పెట్టిన హద్దు అని మన తాతల తరానికి చెప్పినవారు ఉన్నారు. బావి దగ్గర ఎంత దూరంలో నిలబడాలో కూడా ఆ నియమమే చెప్పింది. తెలంగాణలో ఎన్నో కుటుంబాలు సువార్త వైపు నడవడానికి ఉన్న కారణాల్లో అది ఒకటి. కాబట్టి ప్రకృతి ఇలా ఉంది గనుక దేవుని చిత్తం ఇదే అని ఎవరైనా అన్నప్పుడు, దానివల్ల లాభపడేది ఎవరు అని అడగడం నేర్చుకోండి.

ఇక మీ స్నేహితుడి ప్రశ్న. అతనితో వాదం పెట్టుకోవద్దని ముందుగా నా సలహా. తేడా ఉంది, దాన్ని దాచనక్కరలేదు. క్రైస్తవ విశ్వాసంలో సూర్యుడు దేవుడు కాడు, దేవుని అంశా కాడు, దేవుడు చేసిన వస్తువు. ఆదికాండం మొదటి అధ్యాయం సూర్యచంద్రులను పేర్లతో కూడా పిలవదు, పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అంటుంది. అందువల్ల మేము సూర్యుణ్ణి చూసి అతన్ని చేసినవానికి నమస్కరిస్తాం, సూర్యునికి కాదు. ఇంతవరకు చెప్పి ఆగండి. పౌలు ఏథెన్సులో విగ్రహాలను చూసి లోలోపల బాధపడ్డాడు గాని, మాట్లాడేటప్పుడు వారి కవీశ్వరుల మాటనే ఎత్తి చెప్పాడు. ఎఫెసులో పౌలు బోధ మీద అల్లరి జరిగినప్పుడు, వీరు మన దేవతను దూషించలేదని ఆ ఊరి కరణమే సాక్ష్యమిచ్చాడు. మీ గురించి మీ స్నేహితుడు కూడా ఆ మాట చెప్పగలగాలి. తంగేడు పువ్వు ముందు అతనికి కలిగే ఆశ్చర్యం, మీకు కలిగే ఆశ్చర్యం ఒకే చోట మొదలవుతాయి. అక్కడ కలిసి నిలబడడానికి ఏ సిద్ధాంతమూ అడ్డు కాదు.

వరద దగ్గరికి వస్తాను. 2023 జూలై 26, 27 తేదీల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఆ నీళ్లన్నీ వాగుల్లోకి ఒక్కసారిగా దిగాయి. తెల్లవారేసరికి మీ పక్కనే మోరంచపల్లిలో జనం ఇళ్ల పైకప్పులు, చెట్లు ఎక్కి ఉన్నారు, కొందరు కొట్టుకుపోయారు. మరుసటి ఏడాది ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో వచ్చిన సుడిగాలికి వేల చెట్లు వేర్లతో సహా కూలాయి. అదే ఏడాది డిసెంబరు 4 ఉదయం ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. గోదావరి లోయ కింద చాలా పాతకాలపు పగుళ్లు ఉన్నాయి, 1969లో భద్రాచలం దగ్గర భూకంపం వచ్చిందీ ఆ లోయలోనే. ఈ మూడింటినీ కలిపి, తీర్పు మొదలైందని వాట్సాప్‌లో తిప్పిన ప్రసంగాలు మీకూ వచ్చే ఉంటాయి.

ఆ మాట చెప్పే అధికారం యేసు ఎవరికీ ఇవ్వలేదు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోతే, వారు యెరూషలేములో ఉన్న మిగతావారందరికంటె అపరాధులని అనుకుంటున్నారా, కాదని మీతో చెబుతున్నాను అన్నాడు. హోరేబు కొండ మీద ఏలీయా ప్రవక్త ముందు బలమైన గాలి వీచింది, ఆ గాలిలో యెహోవా లేడు. భూకంపం వచ్చింది, ఆ భూకంపంలోనూ లేడు. ఆ తరువాత మిక్కిలి నిమ్మళంగా మాట్లాడే ఒక స్వరం వినబడింది. దీన్ని చూపించి దేవుడు ఎప్పుడూ గాలిలో ఉండడని సూత్రం కట్టకూడదు, ఎందుకంటే పిల్లలను, ఆస్తిని పోగొట్టుకున్న యోబుతో ఆయన సుడిగాలిలో నుంచే మాట్లాడాడు. కానీ అక్కడ కూడా ఆయన, నీ పిల్లలు ఇందుకు చనిపోయారని యోబుకు కారణం చెప్పలేదు. మనుషులే లేని ఎడారి మీద తాను వాన కురిపిస్తానని, సింహం పిల్లలకు ఆహారం పెడతానని చెప్పాడు. యోబు పాపమే కారణమని వాదించిన స్నేహితుల మీద మాత్రం ఆయన కోపపడ్డాడు. వరద బాధితుల దగ్గరికి వెళ్లి కారణాలు చెప్పేవారు యోబు గ్రంథం చివరి అధ్యాయం చదివి వెళ్లాలి.

మరి వరద ఏమి చెప్పింది? రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం, సృష్టి యావత్తూ ఏకగ్రీవంగా మూలుగుతూ ప్రసవవేదన పడుతున్నదని అంటుంది. అంటే సృష్టి ఆరోగ్యంగా ఉన్న సాక్షి కాదు, అదీ గాయపడి ఉన్నదే. దేవుని మహిమను చెప్పే నోరే మూలుగుతోంది కూడా. వాగు మీ ఊరిలోకి వచ్చిన రాత్రి మీరు విన్నది తీర్పు కాదు, ఆ మూలుగు అని నేను నమ్ముతున్నాను. వరద ఎందుకు మీ ఊరికే వచ్చిందంటే, వాన లెక్క, వాగు వాలు, నీటి దారి చెప్పగలను. అంతకు మించిన కారణం చెబితే అబద్ధమాడినవాణ్ణి అవుతాను.

చివరిగా, ఇప్పటికీ రాత్రి గట్టిగా వాన పడితే అమ్మ లేచి గుమ్మంలో కూర్చుంటుందని, ప్రార్థన చేయమంటే మాటలు రావని, ఇది అవిశ్వాసమా అని అడిగారు. కాదు. శిష్యులు యేసు పడవలో ఉండగానే తుఫానుకు భయపడ్డారు, ఆయన వారిని దింపివేయలేదు. అదే ఎనిమిదో అధ్యాయాన్ని 22 నుంచి 26వ వచనం దాకా మీరు ఆమె పక్కన కూర్చుని చదవండి. మొదట సృష్టి మూలుగుతుంది. తరువాత మనమూ లోలోపల మూలుగుతున్నామంటాడు పౌలు. ఆ తరువాత, ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మ తానే ఉచ్చరింప శక్యము కాని మూలుగులతో మన పక్షాన విజ్ఞాపన చేస్తున్నాడని రాశాడు. గుమ్మంలో కూర్చున్న మీ అమ్మగారికి మాటలు రాకపోవడాన్ని పౌలు ఆ మూడో మూలుగు పక్కనే పెట్టాడు. ఆమెను ప్రార్థన చేయమని అడగకండి, వాన తగ్గేదాకా పక్కన కూర్చోండి.